తేటనీళ్ళ మీద అనుమానం

మూసాపేట,
ఏప్రిల్ రెండో వారం

బావగారికి నమస్కారాలు.

ఫోనుండగా ఉత్తరమేమిటని కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తున్నారని తెలుసు. మొన్న ఫోనులో జరిగింది గుర్తు చేసుకోండి. మీకు వినపడదని నేను అరిచాను. నేను అరుస్తున్నానని మీరూ అరిచారు. కింది వాటా వాళ్ళు మెట్లెక్కి వచ్చి, ఆస్తి తగాదాలేమైనా ఉన్నాయా అని మెల్లగా అడిగారు. వియ్యంకులు ఇలా వీధిన పడకూడదని మా ఆవిడ కనకలక్ష్మి తీర్పిచ్చింది. కాబట్టి ఇకనుంచి కాగితమే. ఆదివారం ఆదివారం మీ రాకేశ్ తెల్లాపూర్ నుంచి మీ ఊరొచ్చి, నీళ్ళ క్యాన్లు నింపుకుని మా ఇంట్లో దించుతున్నాడు కదా, ఆ కారులోనే ఉత్తరాలూ నడుస్తాయి.

మా రసజ్ఞ, అంటే మీ కోడలు, బాగుంది. ఏడో నెలలో పుట్టింటికి తెచ్చుకున్నామన్న మాటేగానీ దాని వెంట మాదాపూర్ ఆఫీసు కూడా మా మూడో అంతస్తుకి చేరింది. రోజంతా ముందు గదిలో కూర్చుని ఎవరితోనో ఇంగ్లీషులో మర్యాదగా పోట్లాడుతుంది. వాళ్ళమ్మ సున్నుండలు తెచ్చి కంప్యూటరు వెనకనుంచి చెయ్యి మాత్రం చాపుతుంది, అవతలి వాళ్ళకి తను కనపడకుండా.

ఇక నీళ్ళ సంగతి. తెల్లాపూర్‌లో మన పిల్లలుండే కాలనీ గేటు ముందు తెల్లారేసరికి ట్యాంకర్లు పెళ్ళివారి బస్సుల్లా బారులు తీరతాయి. "కడుపుల ఉన్నప్పటి సంది నా వంశం మా బాయి నీళ్ళే తాగాలె" అని మీరు పట్టుబట్టారు. మంజీర ఒడ్డున మీ నాన్నగారు తవ్వించి ఊరికిచ్చిన బావి. ఆ రుచి నాకు తెలుసు. గోదావరి ఇసకలో చెలమలు తీసుకుని తాగిన నోరు నాది. పక్కన ఏరు ఎర్రగా, బురదగా పోతూంటుంది. నాలుగడుగులు ఇవతల మోచేతి లోతు గుంట తీస్తే అడుగున తేటనీళ్ళు ఊరతాయి. అదే నీరు ఇసకలో నడిచి వచ్చేసరికి ఇంత మంచిదెలా అయిందని మా మేష్టారిని అడిగాను. "అదంతే, కూర్చో" అన్నారు. కూర్చోలేదు. ఆ ఏడాదే బడి మానేసి రేడియోలు విప్పడం మొదలుపెట్టాను. అవి కనీసం గరగరమనైనా జవాబిచ్చేవి.

ఒక చిన్న మాట. రెండు వారాలుగా మీ నీళ్ళలో కనకలక్ష్మి క్లోరిన్ చుక్కలు వేస్తే, తెల్లారేసరికి క్యాను అడుగున డికాషన్ లాంటి పొర దిగుతోంది. తప్పు క్యానుదే అయ్యుంటుంది. ఇసక వేసి మరీ తోమాం. మీరు మనసులో ఏమీ పెట్టుకోవద్దు.

మీ
సోమేశ్వరరావు

* * *

ఒడ్డుపల్లి, సంగారెడ్డి జిల్లా,
ఏప్రిల్ ఆఖరు

బావగారికి వెంకటనారాయణ నమస్కారం.

క్యాన్లు నేను కొనిచ్చినవి. కొత్తవి. అందుకని తప్పు వాటిది కాదు. ఇగ మిగిలింది బావి. ఆ మాట రాయడానికి చెయ్యి రాక క్యాను మీదికి నెట్టినారు. ఆడపిల్ల తండ్రిగా మీ మర్యాద మీరు చూపించినారు గానీ, నాకు జరంత కోపమే వచ్చింది.

కోపం ఎందుకంటే, ఆ రంగు ఇక్కడ కూడా దిగింది. రాకేశ్‌కు చెప్పలేదు, మీకే రాస్తున్నాను. బావి నుంచి మోటరుతో నీళ్ళు పంచాయతీ ట్యాంకుకు ఎక్కుతాయి. ఎక్కేటప్పుడు అద్దమే. పంపు చూసే అనిల్ అందులో బ్లీచింగ్ పౌడర్ కలుపుతాడు. తెల్లారి నల్లా తిప్పితే ఎర్రటి చాయ. నీళ్ళు పాడైనవని ఇంకింత బ్లీచింగ్ కలిపినారు. ఇంకింత నల్లగా వచ్చినవి. మా గల్లీ సత్తెమ్మ, బిడ్డ పెళ్ళికి దాచిన తెల్లబట్టలు ఉతికితే చుక్కలు చుక్కలు తేలినవి. తెచ్చి నా వాకిట్లో పరిచింది.

"ఏందన్నా, ఇవి బట్టలా, చిరుతపులి తోలా?"

"నా బాయి ఏం జేసిందే?"

"నీ బాయిల ఎవడో ఏదో పోసిండు. లేకుంటే మీ నాయన పుణ్యం ఒడిసింది."

మా నాయన పేరు ఆ బావి గట్టు మీద చెక్కి ఉన్నది. నీళ్ళు తోడే ప్రతి మనిషి కంట్లో ఆ పేరు పడుతుంది. పుణ్యం ఒడిసింది అన్న మాట ముల్లు లెక్క దిగింది. పోసినవాడిని పట్టుకోవాలని బావి కాడనే మంచం వేసుకున్నాను. నాకు వినపడదు కాబట్టి కుక్కను పక్కన కట్టేసుకున్నాను. అది నాకంటే ముందే నిద్రపోతున్నది.

బడికి పోకుండనే ఇన్ని చదివిన మనిషి మీరు. రేడియో విప్పినట్టు దీన్ని విప్పి చెప్పండి. చెప్పేదాకా నేను ఊర్లో తల ఎత్తలేను.

కోడలు ఆ నీళ్ళు తాగుతున్నదా? అది మీరు రాయలేదు.

వెంకటనారాయణ

* * *

మూసాపేట,
మే నడుమ

బావగారికి,

మంచం తీసేయండి. కుక్కని విడిచిపెట్టండి. మీ బావిలో ఎవరూ ఏమీ పోయలేదు.

ఈ మాట తెలుసుకోవడానికి ముందు అబిడ్స్ వెళ్ళాను. ఆదివారం పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల్లో ఒకప్పుడు నేను విజ్ఞాన సర్వస్వం కొన్నాను, 'న' అక్షరం సంపుటం తప్ప. నది, నీరు, నత్త, నిమ్మకాయ, ఈ నాలుగింటి మీద నా పరిజ్ఞానం అందుకే అంతంతమాత్రం. ఆ సంపుటం ఇన్నాళ్ళకైనా తేలుతుందేమోనని ఎండలో గంటలకొద్దీ వెతికాను. తేలలేదు. ఉత్త చేతులతో మెట్రో ఎక్కి ఇంటికొస్తే, జవాబు మా ముందు గదిలో కూర్చుని ఉంది.

ఆమె పేరు ప్రియదర్శిని. తెల్లాపూర్‌లో పిల్లల పక్క ఫ్లాటు. పుట్టి పెరిగింది ఈ ఊళ్ళోనే, పరిశోధన చేసేది భూగర్భజలాల మీద. రసజ్ఞని చూడ్డానికి మామిడికాయలు పట్టుకుని వచ్చింది. నేను మర్యాదకి మంచినీళ్ళివ్వాల్సింది పోయి మీ బావి నీళ్ళు రెండు గ్లాసులు ఆమె ముందు పెట్టాను. ఒకటి ఉన్నదున్నట్టు, ఒకటి ముందురోజు బ్లీచింగ్ కలిపింది. రెండోది తేనె రంగులో ఉంది.

"అంకుల్, మీరు ఇసుకను జల్లెడ అనుకుంటున్నరు," అంది. "జల్లెడ కాదు, హాస్టల్. మన మాదాపూర్ హాస్టళ్ళ లెక్క. ఒక్కొక్క ఇసుక గింజ మీద వేలమంది కిరాయికుంటరు, కంటికి కనపడనోళ్ళు. ఏటి నీళ్ళల్ల వచ్చే చెత్తంత వాళ్ళకు మెస్సు భోజనం. వాళ్ళు తింటరు, మనకు నీళ్ళు శుభ్రం."

"మరి ఇన్నేళ్ళూ తిన్నవాళ్ళు ఇప్పుడెందుకు మానేశారమ్మా?"

"మానలే. ఎక్కువ తింటున్నరు. తినాలంటే ఊపిరి పీల్చాలె కదా. నీళ్ళల్ల కరిగిన గాలే వాళ్ళకు దిక్కు. ఎండకు ఏరు వేడెక్కితే అందుల గాలి తక్కువైతది. నిలువ నీళ్ళల్ల పాచి పెరిగి తిండేమో ఎక్కువైతది. వేడికి వీళ్ళ ఆకలి గూడ పెరుగుతది. సగం తొవ్వలనే గాలి ఒడుస్తది."

గాలి అయిపోతే ఏం చేస్తారో తెలుసా బావగారూ? ఇసక గింజల మీద నల్లటి పూత ఉంటుంది, ఇనుముదీ, మాంగనీసుదీ, ఒక రకం తుప్పు. ఆ పూతలోంచి ఊపిరి లాక్కుంటారు. లాగేసరికి పూత కరిగి, పంచదార కరిగినట్టు కంటికి కనపడకుండా మీ బావిలోకి వస్తుంది. అందుకే మోటరెక్కేటప్పుడు అద్దం. బ్లీచింగ్ కలిస్తే కరిగిందంతా మళ్ళీ తుప్పుగా మారి రంగు తేలుతుంది. మీ వాళ్ళు బ్లీచింగ్ పెంచినకొద్దీ దాక్కున్నది మరికాస్త బయటపడింది, అంతే.

నా షాపుకి బాలానగర్ నుంచి ఒక ఫిట్టరు ప్రతి వేసవికీ ఒకే రేడియో తెచ్చేవాడు. బొంగురుపోయిందనేవాడు. నేను ఏదో ఒక భాగం మార్చేవాణ్ణి. వానలు పడగానే రేడియో గొంతు బాగుపడేది, పేరు నాకొచ్చేది. చాలా ఏళ్ళకి వాళ్ళింటికి భోజనానికి వెళ్తే తెలిసింది, రేడియో రేకుల కప్పుకి ఆనించి తగిలించి ఉందని. భాగాలన్నీ మంచివే, పాడైంది ఎండకి. మీ బావీ అంతే. బావి అదే, ఇసకా అదే. పూర్వం మంజీర వేసవిలో సన్నగానైనా పారేదని మీరే చెప్పారు. ఇప్పుడు శివరాత్రికే మడుగులు కట్టి ఉడుకుతోంది. "ఒక్క ఏడాది చూసి వాతావరణం మారిందనొద్దంకుల్, ఏండ్లకేండ్ల లెక్కలుండాలె" అని ఆ అమ్మాయి నా నోరు మూయించింది. మీ బావి లెక్కలు ఎవరు రాస్తున్నారని నేనడిగితే, "ఎవరూ రాస్తలేరు" అంది.

ట్యాంకులో నీళ్ళు రాత్రంతా తేరనిచ్చి ఇసకలో వడగట్టించండి. రంగు అక్కడే ఆగుతుంది. మీ నాన్నగారి పుణ్యానికి ఢోకా లేదు.

అమ్మాయి బాగుంది.

మీ
సోమేశ్వరరావు

* * *

ఒడ్డుపల్లి,
జూలై మూడో వారం

బావగారికి,

మనవరాలిని చూసి వచ్చినప్పటి నుంచి మా ఇంటామె బుచ్చమ్మ కాళ్ళు నేల మీద లేవు. ముక్కు మా దిక్కుదని ఆమె, నోరు మాత్రం మీ దిక్కుదని నేను. దవాఖానలో మనం మాట్లాడుకునే వీలు కాలేదు, అందుకు రాస్తున్నాను.

మే నెల మీ ఉత్తరం ఊరందరికీ చదివి వినిపించినాను. హాస్టల్ సంగతికి నవ్వినారు గానీ, బావిలో ఎవరూ ఏమీ పోయలేదని ఒప్పుకున్నారు. రంగు తేల్చేది బ్లీచింగే అని మీరు రాసినారు కదా, అందుకని దాన్నే బంద్ చేయించినాను. వడపోత బాధే తప్పింది. అటెంకనే వానలు. వానలంటే, నెల వాన ఒక్క మధ్యాహ్నం కుమ్మరించింది. మంజీర గట్టు ఎక్కుతదా అన్నంత వచ్చింది. బావి నిండి, వంగి ముంచుకునేటట్టున్నది. ఎంత తేటగా ఉన్నవంటే, ఎప్పుడో జారిపడ్డ ఇత్తడి చెంబు అడుగున తళతళ మెరుస్తున్నది. సత్తెమ్మ బట్టలు మల్లెపూల లెక్క వచ్చినవి. నన్ను ఆపి, "మీ నాయన పుణ్యం ఏడికి పోలే తియ్యన్నా" అన్నది. అన్న నోటితోనే అన్నది.

ఇప్పుడు అసలు మాట. ఇరవై ఒకటో రోజు బాలింత బావిలో చేద వేయాలె. మీ దిక్కు కూడా ఉన్నదంట ఆ పద్ధతి. మూసాపేటలో బావి ఎక్కడిది? రాకేశ్ వాళ్ళ కాలనీలో నల్లాకు పసుపు కుంకుమ పెట్టి అయిందనిపిస్తరంట. అది నాకు ఇష్టం లేదు. నా కోడలు మా నాయన బావిలో చేద వేయాలె. ఆ మొదటి చేద నీళ్ళు అందరం తాగాలె. మనవరాలి నాలుక మీద ఒక్క చుక్క నా చేత్తో వేస్తాను. ఊరిని పిలిచినాను. మీరు ఎప్పుడు బయలుదేరేది రాయండి.

వెంకటనారాయణ

* * *

మూసాపేట,
జూలై

బావగారికి,

మీ పిలుపు అందింది. చాలా సంతోషం. అయితే వానలు, గతుకుల దారి, పసిగుడ్డు. కనకలక్ష్మికి మోకాళ్ళు. ఈసారికి చేద ముచ్చట ఇక్కడే కానిచ్చి, చలికాలంలో తీరిగ్గా అందరం మీ ఊరొస్తే ఎలా ఉంటుందంటారు?

మీ
సోమేశ్వరరావు

* * *

ఒడ్డుపల్లి,
జూలై ఆఖరు

బావగారికి,

ఇంత చిన్న ఉత్తరం మీకు రాయవస్తుందని నాకు తెలియదు. కనకలక్ష్మి చెల్లెమ్మ మోకాళ్ళ మీదనే నాలుగు పేజీలు రాయగల మనిషి మీరు.

రాకేశ్‌ను ఎదురుగా నిలబెట్టి అడిగినాను. వాడు ఏదన్నా దాచేటప్పుడు కళ్ళద్దాలు తీసి తుడుస్తాడు. తుడిచి తుడిచి, మీ డాబా మీద కరివేపాకు చెట్టు మస్తు పెరిగిందన్నాడు.

"దేనితోని పెరిగింది?"

"మన బాయి నీళ్ళతోని."

"ఎప్పటి సంది?"

"ఏప్రిల్ సంది, బాపూ."

నాకు చెప్పకుండ చెట్టుకు పోసినందుకు కోపం లేదంటే అబద్ధం. గానీ నేను అడిగేది వేరే. రంగున్నప్పుడు పోసినారు, సరే. తేటగైనంక కూడా ఎందుకు పోస్తున్నారు? మీకు తెలిసి నాకు తెలియనిది ఏమిటి? ఊరిని పిలిచినాను. అంతమంది ఆ నీళ్ళు తాగుతరు. మర్యాద పక్కన పెట్టి రాయండి.

వెంకటనారాయణ

* * *

మూసాపేట,
జూలై ఆఖరు

బావగారికి,

పక్కన పెట్టాను. ఆ నీళ్ళు ఎవరూ తాగవద్దు. మా పిల్లే కాదు, మీ ఊరు కూడా.

మేలో ప్రియదర్శిని ఇంకొక మాట అంది. "వడగట్టినంక పెద్దోళ్ళకు నడుస్తది గని, కడుపుతోని ఉన్నామెకు, పసిపిల్లకు వద్దు. ఎవరికైనా ముందు ల్యాబుల చూపించాలె" అని. అది మీకు రాయలేదు. నీ నీళ్ళు నా కూతురికి పనికిరావని మగపిల్లాడి తండ్రికి రాయడానికి కలం కదల్లేదు. రంగు సంగతి రాశాను, బ్లీచింగ్ అసలెందుకు వేస్తారో రాయలేదు. నేను సగం చెప్పాను, మీరు ఆ సగంతో లెక్క చేశారు. బ్లీచింగ్ ఆపించానని మీరు రాసినప్పుడే నా తప్పు తెలిసింది. అయినా మళ్ళీ మోకాళ్ళ ఉత్తరమే రాశాను.

ఇప్పుడు విషయం. రాకేశ్ తెచ్చిన తేటనీళ్ళు చూసి నేనూ ముచ్చటపడ్డాను. ప్రియదర్శిని మాత్రం ఒక చిన్న సీసా ఇచ్చింది. అడుగున మందు పూసిన కాగితం ఉంటుంది. మెడదాకా నీళ్ళు పోసి, మూత పెట్టి, నీడలో రెండు రోజులు ఉంచాలి. నీళ్ళలో మురుగు తాలూకు క్రిములుంటే నల్లబడుతుంది. మేలో ఎర్రబడే నీళ్ళు ఇలాంటి సీసాలోనే పోసి చూస్తే అది ఉలకలేదు, పలకలేదు. ఈ మల్లెపూల నీళ్ళు పోస్తే తెల్లారేసరికి కాటుక.

"ఇదేం తిరకాసమ్మా? మురికిగా ఉన్నవి మంచివి, మంచిగా ఉన్నవి మురికివా?" అన్నాను.

"వేసవిల నీళ్ళు ఇసుకల మెల్లగ నడుస్తయి అంకుల్. బాయికి చేరెవరకు వారాలు పడుతది. అన్ని దినాలు హాస్టల్ల చిక్కుకుంటే రోగాల క్రిములు బతకయి. వరదొస్తే ఏరు ఎత్తెక్కి నీళ్ళను గట్టిగ నెడుతది. వారాల తొవ్వ దినాలల్ల అయిపోతది. ఏటి అడుగున మెత్తటి పొర ఉంటది, అసలు కాపలా ఆడనే. దాన్ని వరద గీక్కపోతది. ఊర్ల మురుగంత ఏట్ల కలిసేది గూడ అప్పుడే. బురద ఒక్కటి మాత్రం ఇసుకల ఆగుతది."

బురద ఆగడం వల్లే తేటగా కనపడుతున్నాయి బావగారూ. బురదతో కలిసి వచ్చినవాళ్ళు ఆగలేదు. మనం కంటితో పరీక్ష చేస్తున్నాం. ఎండాకాలం కన్ను ఉత్తపుణ్యానికి భయపడింది, వానాకాలం ఉత్తపుణ్యానికి మురిసింది. ఎండ ఇలాగే ముదిరి, నెల వాన ఇలాగే ఒక్క పూట పడుతుంటే, మీ నాన్నగారి బావికి రెండు కాలాల్లోనూ రెండు రకాల కష్టం. దీనికి పుణ్యంతో పనిలేదు.

నా మాట నమ్మక్కర్లేదు. కారులో కొన్ని సీసాలు పంపుతున్నాను, మీరే పోసి చూడండి. అందాకా కళపెళ కాగిన నీళ్ళే తాగండి, అందరూ. ఆడపిల్ల తండ్రి ఇలా రాయకూడదు. పిల్ల తాతని కూడా కదా, ఆ హోదాలో రాశాను. ఆ చుక్క దాని నాలుక మీద వేయకండి.

సోమేశ్వరరావు

* * *

ఒడ్డుపల్లి,
ఆగస్టు మొదలు

బావగారికి,

మీ ఉత్తరం చదివినాను. తర్వాత సీసాలు నింపినాను. బావిలోవి ఒకటి, ట్యాంకులోవి ఒకటి, మా ఇంటి కుండలోవి ఒకటి. మూడూ నల్లబడ్డవి. ఇంకొకదాంట్లో కాచి చల్లార్చిన నీళ్ళు పోసినాను. అది నల్లబడలేదు. ఇది మీరు చెప్పలేదు, నాకే తోచింది.

ఊర్లో కొన్ని దినాల నుంచి వాంతులు, భేదులు. బోనాల తిండి మీదికి నెట్టినాము. సత్తెమ్మ మనవడు మొన్ననే దవాఖాన నుంచి ఇంటికొచ్చినాడు. ఆ సీసాలు చూసినంక తప్పు తిండిది కాదని తెలిసింది. ట్యాంకు కాడికి అందరినీ పిలిచి, కాచనిది తాగొద్దని చెప్పినాను.

సత్తెమ్మ లేచింది. "నల్లగున్నప్పుడేమో ఏం గాదు, వడగట్టి తాగుండ్రంటివి. తెల్లగైనంక తాగొద్దంటున్నవు. ఎండదెబ్బ నీళ్ళకు తగిలిందా, నీకు తగిలిందా?"

ఊరంతా నవ్వింది. నవ్వనిచ్చి, సీసాలు ఆమె చేతిలో పెట్టినాను. తిప్పి తిప్పి చూసింది.

"మా పిలగాడు తాగినయి గివేనా?"

"గివే."

ఆమె సీసాలు పక్కామెకు ఇచ్చింది. అట్ల అందరి చేతులూ తిరిగినవి. అనిల్ బ్లీచింగ్ మూట ఎత్తబోతే ఆపి, నేనే భుజాన వేసుకుని ట్యాంకు కాడికి తెచ్చినాను. బంద్ చేయమన్న నోరు నాదే కదా.

ఒక సంగతి నాకు తెగుతలేదు. ఏటికి ఇంకా దూరంగా కొత్త బావి తవ్వుదామని పెద్దమనుషులు అంటున్నారు. దూరమైతే వరద నీళ్ళు ఎక్కువ దినాలు నడవాలె, క్రిములకు అదే మందు, బాగానే ఉన్నది. మరి ఎండకాలం? తొవ్వ పొడుగైతే గాలి ఇంకా ముందే ఒడుస్తది, రంగు ఇంకా ఎక్కువ దిగుతది. దగ్గరైతే వాన దెబ్బ, దూరమైతే ఎండ దెబ్బ. నడుమ ఎక్కడన్నా జాగా ఉన్నదా, లేక రెండు బావులు పెట్టుకుని కాలానికొకటి తోడుకోవాలెనా? నీళ్ళ మీద పరిశోధన చేసే ఆ బిడ్డను అడగండి. ఆమె చెప్పింది మొత్తం రాయండి, సగం వద్దు.

చేద వేసుడు మాత్రం ఇక్కడనే. బుచ్చమ్మను అడిగినాను. బాలింత బావికి పూజ చేసి, చేద వేసి, గంగమ్మకు మొక్కితే పద్ధతి తీరినట్టేనంట. తాగాలె అనేది నేను కలుపుకున్నది. తోడిన నీళ్ళు గట్టు పక్క జామ మొక్కకు పోస్తాము. మనవరాలిని ఎత్తుకుంటాను గానీ నాలుక మీద ఏమీ వేయను. చెల్లెమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని రండి.

వచ్చేవాళ్ళు తాగేటందుకు బుచ్చమ్మ ఈ పొద్దే కట్టెల పొయ్యి ముట్టించి, ఎట్లుంటదో చూద్దామని ఒక గంజు నిండా నీళ్ళు కాచింది. చల్లారినంక ఒక గుక్క నోట్లో పోసుకున్నది. "రుచి సచ్చింది" అన్నది. అని, ఇంకో గంజు పొయ్యి మీదికి ఎక్కించింది.

వెంకటనారాయణ